అడ్మిషన్ లెటర్ చూసి డబ్బు కట్టకండి: విదేశీ ఎంబీబీఎస్‌కు పంపే తల్లిదండ్రులకు హెచ్చరిక

నీట్ ఫలితాలు రాగానే నెల్లూరు, ఒంగోలు ఇళ్లకు కన్సల్టెన్సీల ఫోన్లు మొదలవుతాయి. రెండు మూడు విదేశీ విశ్వవిద్యాలయాల నుంచి లెటర్లు వచ్చి, పిల్లలను ఎందులో చేర్చాలో తేల్చుకోలేక ఉన్నవారు దయచేసి ఇది చదివాకే డబ్బు సంగతి చూడండి.

మా అక్కావాళ్లది టంగుటూరు దగ్గర పల్లె, పొగాకు రైతులు. మేనకోడలు నీట్‌లో అర్హత సాధించింది కానీ కన్వీనర్ కోటాకు ర్యాంకు చాలలేదు. ప్రైవేటు కళాశాలల్లోని యాజమాన్య కోటా, అంటే బి కేటగిరీ ఫీజు భరించే స్తోమత లేదు. నెల్లూరులోని ఒక కన్సల్టెన్సీ ద్వారా దరఖాస్తు చేస్తే ఒకే దేశంలోని రెండు విశ్వవిద్యాలయాలు సీటు ఇస్తామన్నాయి. ఒకదానిలో కోర్సు ఆరేళ్లు, మరొకదానిలో ఐదేళ్లు. కన్సల్టెన్సీవాళ్లు ఐదేళ్లదానికే పట్టుబట్టారు. “ఏడాది ఖర్చు మిగులుతుంది సార్, ఇంటర్న్‌షిప్ ఇండియాకు వచ్చి చేసుకోవచ్చు. రేపటిలోగా రెండు లక్షలు కట్టకపోతే పాప సీటు ఇంకొకరికి వెళ్లిపోతుంది” అని ఒకటే ఒత్తిడి. బావగారు పొగాకు అమ్మిన డబ్బులోంచి తీసి కట్టారు.

అసలు సంగతి బయటపెట్టింది మేనకోడలే. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నిబంధనలు తెరిచి, కోర్సు ప్రణాళికను పక్కన పెట్టుకుని చదివింది. చదువు కనీసం 54 నెలలు ఉండాలి. దానికి తోడు 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విదేశీ సంస్థలో చేయాలి. తిరిగి వచ్చాక మన దేశంలో చేసే 12 నెలలు వేరు. ఒకదాని బదులు ఇంకొకటి చెల్లదు. ఐదేళ్ల కోర్సులో అక్కడి ఇంటర్న్‌షిప్ ఊసే లేదు. అంటే అది పూర్తిచేసి వచ్చినా ఇక్కడ డాక్టరుగా నమోదయ్యే అవకాశం లేదన్నమాట. ఆ పిల్ల వయసు, మా అక్క బావల కష్టం రెండూ మట్టిలో కలిసేవి.

డబ్బు వెనక్కి అడిగితే రసీదు చూసుకోమన్నారు. దాని మీద విశ్వవిద్యాలయం పేరే లేదు, కన్సల్టెన్సీ పేరుంది. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో “సర్వీస్ చార్జి, తిరిగి చెల్లించబడదు” అని ఉంది. కట్టేటప్పుడు ‘మొదటి ఏడాది ఫీజులో భాగం’ అని నోటితో చెప్పిన మనిషి ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. పొగాకు వేలంలో ధర నచ్చకపోతే బేలు ఇంటికి తెచ్చుకుంటాం, ఇక్కడ ఆ పాటి హక్కు కూడా లేదా అని బావగారు అడిగిన మాటకు వాళ్ల దగ్గర జవాబు లేదు.

కాబట్టి లెటరు ఎంత అందంగా ఉన్నా, కోర్సు ఎన్ని నెలలు, ఇంటర్న్‌షిప్ ఎక్కడ, బోధన మొదటి నుంచి చివరి దాకా ఇంగ్లిషులోనేనా అన్నవి విశ్వవిద్యాలయం నుంచే నేరుగా రాతపూర్వకంగా తెప్పించుకోండి. అన్నిటికన్నా ముఖ్యం: ఆ దేశపు పౌరులకు ఇచ్చే లైసెన్సుతో సమానమైన లైసెన్సు మన పిల్లలకూ ఇస్తారా? ఇవ్వకపోతే ఆ డిగ్రీ ఇక్కడ పనికిరాదు. ‘కమిషన్ ఆమోదించిన కళాశాల’ అన్న ప్రకటనలను అసలు నమ్మకండి. విదేశీ కళాశాలలకు కమిషన్ అలాంటి ఆమోదం ఇవ్వదు. ఏడాది వృథా అవుతుందన్న బెదిరింపుకూ లొంగకండి, విదేశీ ఎంబీబీఎస్ ప్రవేశానికి నీట్ ఫలితం 3 ఏళ్లు చెల్లుతుంది. విదేశాల్లో వైద్యం చదివినవారు తిరిగి వచ్చాక రాయాల్సిన అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈలో 300 మార్కులకు 150 రావాలి. పాఠం సరిగా చెప్పని చోట చదివితే అది కొండంత పరీక్ష.

ఫీజు కడితే విశ్వవిద్యాలయం ఖాతాకే బ్యాంకు ద్వారా కట్టండి.

ఇప్పటికే నష్టపోయినవారు ఊరుకోవద్దు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం కన్సల్టెన్సీ ఏ ఊళ్లో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే దాఖలు రుసుము లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోండి. మేము ఒంగోలులో వేస్తున్నాం. రసీదు, వాట్సాప్ సందేశాలు, కోర్సు ప్రణాళిక ప్రతి, ఏదీ చెరపకుండా దాచి ఉంచండి.