మందు మానాలంటే వైజాగ్‌లో ఏది మేలు: ఆసుపత్రా, సెంటరా, మీటింగా?

మా అన్నయ్య తాగుడు మానేస్తానని చెప్పడం ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. రెండేళ్ళ కిందట మాత్రం ఎవరికీ చెప్పకుండా, ఒక్కసారిగా, నిజంగానే మానేశాడు. మూడో రోజు పొద్దున వదిన టీ ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం లుంగీ మీదే ఒలికిపోయింది. సాయంత్రానికి గోడ మీద చీమలు పాకుతున్నాయని అరచేత్తో తుడుస్తూ కూర్చున్నాడు. గోడ మీద ఏమీ లేదు. ఆ రాత్రి ఆటోలో క్యాజువాలిటీకి పరుగెత్తాం.

అందుకే తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే మంచి గ్రూపు ఎక్కడుందని ఎవరు అడిగినా నేను ముందు వాళ్ళనే అడుగుతాను: రోజూ తాగుతున్నారా, పొద్దున్నే చేతులు వణుకుతున్నాయా అని. అవునంటే మొదట ఆసుపత్రి, తర్వాతే గ్రూపు. ఏళ్ళ తరబడి తాగిన మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో మతి తప్పి, లేనివి కనిపించవచ్చు. ప్రాణం మీదకి కూడా వస్తుంది. మీటింగ్‌లో ఎంత మంచివాళ్ళున్నా దీన్ని ఆపలేరు. కేజీహెచ్‌లో, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, సైకియాట్రీ ఓపీ ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 'మెంటల్ హాస్పిటల్‌కా?' అని బంధువులు మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. వణుకు తగ్గడానికి మాత్రలు, బి1 విటమిన్ ఇంజక్షన్లు అక్కడే దొరుకుతాయి.

ఇంకో మాట. చెప్పకుండా చారులో కలిపేస్తే తాగుడు మానేస్తారని ఒక మాత్ర గురించి చాలామంది చెబుతారు. మాకూ చెప్పారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే గుండె దడ, వాంతులు వస్తాయి, బీపీ పడిపోతుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వాడాల్సింది అది.

ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్ల విషయానికొస్తే, అన్నయ్యని ఒకచోట నెల రోజులు ఉంచాం. ఫోన్‌లో మాట్లాడనివ్వలేదు, డాక్టరు ఎప్పుడొస్తారో చెప్పలేదు. బయటికొచ్చిన నాలుగో రోజు మళ్ళీ తాగాడు. అన్నీ అలాగే ఉంటాయని నేను అనను. చేర్చే ముందు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్ట్ ఏ రోజుల్లో వస్తారు, ఇంటివాళ్ళు కలవొచ్చా అని అడగండి. విసుక్కుంటే వెనక్కి వచ్చేయండి. అయినా నాలుగు గోడల మధ్య తాగకుండా ఉండటం వేరు, జీతం రోజు సాయంత్రం ఆరున్నరకి గాజువాక జంక్షన్ దాటి ఇంటికి రావడం వేరు.

ఆ సాయంత్రాన్ని దాటించేది గ్రూపే. ఆల్కహాలిక్స్ అనానిమస్‌ని అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా నిలబడి మొదలుపెట్టింది. మన దేశానికి 1957లో వచ్చింది, వైజాగ్‌లోనూ గ్రూపులున్నాయి. ఫీజు లేదు, పూర్తి పేరు చెప్పక్కర్లేదు, మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు. ఓపెన్ మీటింగ్‌కి ఇంటివాళ్ళూ వెళ్ళొచ్చు, క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే. ఏ రోజు ఏదో ముందే కనుక్కోండి. దేవుడి మాట వస్తుంది, కానీ ఫలానా మతం అని లేదు.

ఇక ఇంటి దగ్గరి గ్రూపా, దూరంగా ఉన్నదా? ఇక్కడే మేం ఆరు నెలలు పోగొట్టుకున్నాం. తెలిసినవాళ్ళు చూస్తారని అన్నయ్య ఊరి ఆ చివర గ్రూపు ఎంచుకున్నాడు. రెండు బస్సులు మారాలి. బి షిఫ్ట్ వారం కుదరదు, వాన పడితే కుదరదు, తర్వాత అసలే కుదరలేదు. చివరికి ఇంటి దగ్గరి గ్రూపుకి వెళ్తే, ఎదురుగా తన సెక్షన్‌లోనే పనిచేసే ఒక పెద్దాయన! అన్నయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన ఏమీ అనలేదట. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ ఇటు జరిపి, టీ గ్లాసు చేతికిచ్చాడట. మర్నాడు ప్లాంటులో కనిపించి, రోజూలాగే 'ఏం బాబూ, టిఫిన్ అయిందా' అన్నాడు, అంతే. అక్కడ విన్నది అక్కడే వదిలేయడం వాళ్ళ నియమం.

కాబట్టి నా ఓటు దగ్గరి గ్రూపుకే. తాగాలనిపించే గంటకి నడిచి చేరుకోగలిగేది చూసుకోండి. ఒకటి నచ్చకపోతే ఇంకోటి చూడండి, మనుషుల్ని బట్టి ప్రతి గ్రూపూ వేరుగా ఉంటుంది. ఆన్‌లైన్ మీటింగ్‌లు షిఫ్టులవాళ్ళకి బాగా పనికొస్తాయి, కానీ వాటితోనే సరిపెట్టుకోకండి. తెరలో ఎవరూ కుర్చీ జరపరు.

రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి తెలుగులోనే ఫోన్ చేయొచ్చు, ఉచితం. మత్తు అలవాట్ల కోసమే అయితే 14446 ఉంది.

తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం 1951లో మొదలైన అల్-అనాన్ అనే వేరే గ్రూపుంది. ఆయన ఒప్పుకున్నాక చూద్దాంలే అని ఆగకండి. మా వదిన అన్నయ్యకంటే రెండు నెలల ముందే ఆ మీటింగ్‌లో చేరింది. సీసాలు వెతకడం, జేబులు తడమడం మానేసి ఆమె కంటినిండా నిద్రపోయింది అప్పటినుంచే.