రెండేళ్లు పనిచేశాక ఈ మానసిక ఆరోగ్య కేర్ హోమ్ గురించి నా మాట
ఇక్కడ సపోర్ట్ వర్కర్‌గా రెండేళ్లు చేశాను, చేరాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. అన్నిటికన్నా నచ్చింది షిఫ్ట్ మారేటప్పుడు జరిగే హ్యాండోవర్. ఎవరు మాత్ర వేసుకోలేదు, ఎవరికి రాత్రి నిద్ర పట్టలేదు, అన్నీ కూర్చుని చెప్పుకున్నాకే ఇంటికి వెళ్తాం.

ట్రైనింగ్ చాలా బాగుంది. లిథియం (మూడ్‌ని నిలకడగా ఉంచే మందు) వాడే ఒకాయనకి వాంతులయ్యాక గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి నీళ్లు ఒలికిపోయాయి, మాట కూడా ముద్దగా వచ్చింది. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు పెరిగిపోతుందని మాకు ముందే నేర్పారు కాబట్టి వెంటనే నర్సును పిలిచాను, రక్తపరీక్షకి పంపారు.

రాత్రి షిఫ్ట్ మాత్రం అన్యాయం. 12 మందికి ఒక్కరే. ఒకరికి టెన్షన్ ఎక్కువై హాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే వాళ్ల పక్కన నడవాలా, మిగతా గదులు చూసుకోవాలా? ఎన్నిసార్లు అడిగినా ఇంకో మనిషిని వెయ్యలేదు, ఇది ప్రమాదమని రాసి కూడా ఇచ్చాను. జీతమూ అంతంతమాత్రమే.

అయినా నెలల తరబడి మంచం దిగని ఒకావిడ ఒకరోజు తన బట్టలు తనే మడతపెట్టి, చివరి చీర అంచులు కలిసేదాకా మళ్లీ మళ్లీ సర్దడం నేను పక్కన కూర్చుని చూశాను. చేరండి, కానీ రాత్రికి ఎంతమంది స్టాఫ్ ఉంటారో ఇంటర్వ్యూలోనే అడగండి.