ఎం.వి.పి. కాలనీలో ఇంగ్లీషు పఠన తరగతి: మూడు నెలల తరవాత ఒక తండ్రి సమీక్ష

మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. ఇంగ్లీషు పాఠం పైకి చదవమంటే ఎక్కడా తడబడకుండా గడగడా చదివేస్తుంది, పరీక్షల్లో మార్కులకూ లోటు లేదు. అయితే ఈ వేసవి సెలవుల్లో ఒకరోజు, తాను అప్పుడే చదివిన పేజీలో ఏముందో చెప్పమని అడిగితే, చెప్పడానికి బదులు మళ్ళీ అదే పేజీని మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టింది. ఆరో తరగతి పాఠ్యపుస్తకం తీసి చూశాక సంగతి అర్థమయింది. ప్రతి పాఠంలోనూ పెన్సిలుతో బ్రాకెట్లు పెట్టి, పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఉన్నాయి. ఒకటో ప్రశ్నకు జవాబు ఇక్కడి నుంచి ఇక్కడిదాకా, రెండో దానికి ఆ కింది పేరాలో రెండు వరుసలు. బళ్ళో టీచరు చెబుతుంటే పిల్లలు గుర్తు పెట్టుకుంటారు, ఇంటికి వచ్చి నోట్సులోకి ఎక్కిస్తారు, కంఠస్థం చేస్తారు. నా చిన్నప్పుడూ ఇదే పద్ధతి కాబట్టి ఎవరినీ తప్పు పట్టే అర్హత నాకు లేదు. కాకపోతే ఆ బ్రాకెట్లు లేని పేజీ ఎదురైనప్పుడు పిల్ల ఏం చేస్తుందన్న బెంగతోనే ఈ తరగతిలో చేర్పించాను.

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఒక ఇంటి మొదటి అంతస్తులో ఈ కేంద్రం నడుస్తోంది. కొన్ని ఫిర్యాదులు కూడా రాయవలసి ఉంది కనుక పేరు చెప్పడం లేదు. వారానికి మూడు రోజులు, సాయంత్రం ఐదున్నర నుంచి ఆరుముప్పావు వరకు తరగతి. మూడు నెలలకు ఆరువేల రూపాయలు తీసుకున్నారు, కార్డులకూ పుస్తకాలకూ విడిగా ఏమీ అడగలేదు. గది మధ్యలో పొడవాటి బల్ల, దాని మీద రంగురంగుల కార్డులు నిలబెట్టిన పెట్టెలు. ఒక్కో రంగు ఒక్కో స్థాయి. పిల్లలు తమ రంగులోంచి ఒక కార్డు తీసుకుని, దాని మీద ఉన్న చిన్న వ్యాసమో కథో చదివి, కింద ఇచ్చిన అవగాహన ప్రశ్నలకూ పదాల ప్రశ్నలకూ జవాబులు రాసి, వేరే పెట్టెలో ఉన్న జవాబుల కార్డుతో తామే సరిచూసుకుంటారు. వరసగా నాలుగు కార్డుల్లో నూటికి ఎనభై పైన వస్తే పై రంగుకు వెళతారు. ఈ ఏర్పాటు వీరు కనిపెట్టింది కాదు. అమెరికాలో డాన్ పార్కర్ అనే ఆయన రూపొందించగా 1957లో వెలువడిన ఎస్‌ఆర్‌ఏ రీడింగ్ లేబొరేటరీ అనే పెట్టె ఈ బాపతు కార్డులన్నిటికీ పెద్దన్న. తరగతి మొత్తాన్నీ ఒకే పాఠం మీద కూర్చోబెట్టకుండా ఎవరి స్థాయిలో వారిని చదవనివ్వడమే అందులోని కీలకం.

చేర్చుకునే ముందు పెట్టిన పరీక్ష నాకు నచ్చింది, కొంచెం బాధ కూడా కలిగించింది. సుమారు వంద మాటల పేరా చేతికిచ్చి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమన్నారు. మా అమ్మాయికి సగంలోనే ఒక చేతి వేళ్ళు అయిపోయాయి. తరగతి స్థాయికి రెండు రంగులు కిందనుంచి మొదలుపెట్టాలని పెద్ద టీచరుగారు చెప్పినప్పుడు, ఏడో తరగతి పిల్లకు ఐదో తరగతి కార్డులా అని నేను కాస్త నొచ్చుకున్నాను. తరవాత ఆలోచిస్తే ఆమె మాటే న్యాయమనిపించింది. ఎవరి సాయమూ లేకుండా ఒక రచన సరిగా అర్థం కావాలంటే అందులోని మాటల్లో దాదాపు 98 శాతం ముందే తెలిసి ఉండాలని హు, నేషన్ అనే పరిశోధకులు 2000లో చూపించారు. అంటే యాభై మాటలకు ఒక్కటి మాత్రమే కొత్తగా ఉండాలన్న మాట. ఆ లెక్కన మా అమ్మాయి పాఠ్యపుస్తకం ఆమెకు చదువుకునే పుస్తకం కాదు, దాటలేని గోడ. గోడ దాటలేని పిల్ల బ్రాకెట్లు కాక ఇంకేం పెట్టుకుంటుంది? పిల్లలకు వచ్చిన మాటలతోనే పుస్తకాలు రాసి, కొత్త మాటలను కొద్దికొద్దిగా కలపాలన్న ఆలోచన మన గడ్డకు కొత్తదేమీ కాదు. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషాయన ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేస్తూ, బెంగాలీ పిల్లల ఇబ్బంది చూసే 1920లలో అలాంటి వాచకాలు తయారుచేశాడు. సుమారు రెండువేల ముఖ్యపదాలతో 1953లో ఆయన ప్రచురించిన పట్టికకు విలువ ఇప్పటికీ తగ్గలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. రెండో వారంలో మా అమ్మాయి ఒక కార్డు జవాబులు ఇంటికి తెచ్చింది. సముద్రంలో ఈతకు దిగిన ఒక కుర్రవాడిని బలమైన కరెంట్ ఒడ్డుకు దూరంగా తీసుకుపోయిందన్నది అందులోని కథ. అతను ఎందుకు వెనక్కి రాలేకపోయాడన్న ప్రశ్నకు, స్ట్రాంగ్ కరెంట్ వల్ల అని ఇంగ్లీషులో చక్కగా రాసింది. పక్కన ఎర్ర సిరాతో టిక్కు కూడా ఉంది. ఏమైందో తెలుగులో చెప్పమన్నాను.

"నీళ్ళల్లోకి కరెంటు పాసయింది నాన్నా. తీగ తెగి పడిపోయుంటాది. షాక్ కొట్టి ఈత కొట్టలేకపోయాడు" అంది, సందేహం లేకుండా.

రామకృష్ణా బీచికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో, పెదవాల్తేరులో పుట్టి పెరిగిన పిల్ల ఆమె. అక్కడ నీటి లాగుడు ఎంత ప్రమాదమో, ఏటా ఎంతమంది కొట్టుకుపోతారో మా ఇంట్లో వినని రోజు లేదు. కానీ ఇంగ్లీషులో ఆ లాగుడుకు కరెంట్ అని పేరున్నట్టు ఆమెకు తెలియదు, ఎందుకంటే ఆ మాట మన ఇళ్ళల్లో అప్పటికే వేరే పనికి కుదిరిపోయింది. ఇది తెలియని మాట కన్నా చిక్కయిన వ్యవహారం. తెలియని మాటయితే పిల్ల ఆగుతుంది, వేలు ముడుస్తుంది, నిఘంటువు చూస్తుంది. తెలిసిందనుకున్న మాట దగ్గర ఆగదు కాబట్టి వేళ్ళ పరీక్షకూ దొరకదు, జవాబుల కార్డుకూ దొరకదు. కార్డు వేసిన టిక్కు ఆమెకు అర్థమైందని కాదు, సరైన వరుస దొరికిందని మాత్రమే చెబుతోంది. పెన్సిలు బ్రాకెట్ల నుంచి పారిపోయి వచ్చి ఆరువేలు కట్టి రంగు బ్రాకెట్లు కొనుక్కున్నానా అని ఆ రాత్రి నిజంగానే అనిపించింది.

మరునాడు వెళ్ళి పెద్ద టీచరుగారికి ఈ సంగతి చెప్పాను. ఆమె నవ్వారు గాని తేలిగ్గా తీసుకోలేదు. తరవాతి వారంలో గోడకు ఒక తెల్ల చార్టు అంటించి, తెలుగులో ఒక అర్థంతో వాడుతూ ఇంగ్లీషులో మరో అర్థం ఉన్న మాటలను పిల్లల చేతనే రాయించడం మొదలుపెట్టారు. కరెంట్ దాంట్లో మొదటిది. హోటల్ రెండోది: మనకది ఇడ్లీ తినే చోటు కనుక, ఒక కుటుంబం హోటల్లో మూడు రాత్రులు గడిపిందని చదివి పిల్లలు తికమకపడ్డారట. డౌట్ మూడోది. మనకు డౌట్ అంటే చెయ్యెత్తి టీచరును అడిగేది, ఇంగ్లీషు కథలోని పాత్ర ఆ మాట అన్నప్పుడు మాత్రం తాను నమ్మడం లేదని చెబుతోంది. మూడు నెలలు ముగిసేసరికి చార్టు మీద నలభైకి పైగా మాటలు చేరాయి. ఈ కేంద్రానికి నేను మార్కులు వేయవలసి వస్తే సగం మార్కులు ఆ చార్టుకే వేస్తాను. పెట్టెలోని కార్డులు ఎవరైనా కొనుక్కోవచ్చు, మన పిల్లల నోట ఉన్న మాటలను లెక్కలోకి తీసుకునే టీచరు దొరకడమే కష్టం.

దీంతోపాటు ఆమె మరో మార్పు చేశారు. జవాబులు సరిచూసుకున్నాక కార్డు బోర్లించి, చదివినదాన్ని రెండు వాక్యాల్లో తెలుగులో చెప్పాలి. గది తలుపు మీద ఇంగ్లీషు మాత్రమే మాట్లాడాలని కాగితం అంటించి ఉండగానే ఇది జరిగింది. కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు, డబ్బు కట్టింది తెలుగు చెప్పించుకోవడానికి కాదన్నారు. నేను టీచరు పక్షమే. చదివింది అర్థమయిందో లేదో తెలియాలంటే పిల్ల ఏ భాషలో స్వేచ్ఛగా చెప్పగలదో ఆ భాషలోనే అడగాలి, ఇంగ్లీషులో చెప్పమంటే కార్డులోని వాక్యమే తిరిగి వస్తుంది. చదువు చెప్పేవారు పిల్లల వాడుక మాటను పట్టించుకోవాలా వద్దా అన్న వాదం ఈ ఊరికి పాతదే. నూరేళ్ళకు పైగా వెనక, ఇక్కడి ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్, గిడుగు, గురజాడలతో కలిసి బడిలో వాడుక తెలుగు కోసం వాదించారు. అది తెలుగు సంగతే అయినా, నన్నడిగితే ఇంగ్లీషు చెప్పేవారికీ వర్తిస్తుంది.

పదాల అభ్యాసం విషయంలో మాత్రం నాకు తృప్తి లేదు. మొదటి నెలలో రోజుకు పది మాటలు, ఎదురుగా తెలుగు అర్థాలు నోట్సులో రాయించారు. రిలక్టెంట్ అంటే అయిష్టమైన అని మా అమ్మాయి అప్పజెప్పింది, అయిష్టమైన అంటే ఏమిటో ఆమెకు తెలియదు. తెలియని ఇంగ్లీషు మాటకు తెలియని తెలుగు మాట తగిలించడం ఇది. మనసొప్పక చేయడం అని చెప్పి ఉంటే ఒక్కసారికే పట్టుకునేది. రెండో నెల నుంచి చీటీల పద్ధతికి మారారు. ఒక చెప్పుల పెట్టెను అట్టముక్కలతో ఐదు అరలు చేసి, మాట గుర్తున్న చీటీని వెనక అరకు, మరిచిపోయినదాన్ని మళ్ళీ మొదటి అరకు పంపుతారు. వెనక అరల చీటీలను రోజూ కాకుండా కొన్ని రోజులకొకసారి తీస్తారు. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఇంట్లో చేసుకుంటే రూపాయి ఖర్చు లేదు. అయితే చీటీ మీద మాట ఒక్కటే రాయిస్తున్నారు, అది కనబడిన వాక్యం కూడా రాయించమని రెండుసార్లు అడిగాను, ఇంకా జరగలేదు.

మిగతా ఫిర్యాదులు క్లుప్తంగా చెబుతాను. కార్డుల్లో కథలన్నీ మంచు కురిసే ఊళ్ళవి, బేస్‌బాల్ ఆడే పిల్లలవి. కొత్త లోకం తెలియడం మంచిదే గాని, పది కార్డులకు ఒక్కటైనా చేపల రేవో, అరకు రైలో, గాజువాక కర్మాగారమో ఉంటే పిల్లలు మాటలను ఊహించి పట్టుకోగలిగేవారు. పన్నెండు మందితో మొదలైన బ్యాచ్ ఆగస్టుకు ఇరవై దాటింది, పెద్ద టీచరుగారు అందరి దగ్గరా కూర్చోలేక సహాయకురాలికి వదిలేస్తున్నారు. ఒకరోజు జవాబుల కార్డులోనే తప్పు పడింది. మా అమ్మాయి రాసింది సరైనదని చదివిన ఎవరికైనా తెలుస్తుంది, సహాయకురాలు మాత్రం కార్డులో ఉన్నదే రైటు అని కొట్టివేయించింది. పిల్ల ఏడుపు మొహంతో ఇంటికి వచ్చింది. పెద్ద టీచరుగారు మర్నాడు అందరి ముందూ ఆ తప్పు దిద్దారు, అది వేరే సంగతి. అన్నిటికంటే చికాకు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు. ఎవరి పిల్ల ఏ రంగుకు వచ్చిందో ఫొటోలతో సహా అందులో పెడతారు. దాంతో పిల్లలు కథ కోసం కాక రంగు కోసం చదువుతున్నారు, జవాబుల పెట్టెలోకి ముందే తొంగిచూసేవాళ్ళూ తయారయ్యారు. బయట బోర్డు మీద ఇంగ్లీషులో అనర్గళంగా మాట్లాడిస్తామని ఉంది. దాన్ని నమ్మి చేర్పించకండి, ఇక్కడ మాట్లాడడం నేర్పరు.

మూడు నెలల్లో వచ్చిన మార్పు ఇదీ. మా అమ్మాయి ఒక రంగు మాత్రమే పైకి వెళ్ళింది. త్రైమాసిక పరీక్షలో ఇంగ్లీషు మార్కులు పెరగలేదు, పాఠంలోని వాక్యానికి బదులు సొంత వాక్యం రాసినందుకు ఒకటి తగ్గింది కూడా. కానీ ఇప్పుడు చదువుతూ చదువుతూ ఆగుతోంది. మొన్న ఇంట్లో ఒక కథ చదువుతూ, "నాన్నా, ఇక్కడ బ్యాంక్ అంటే డబ్బుల బ్యాంకు కాదు కదా, పక్కన రివర్ ఉంది" అంది. గడగడా చదివే రోజుల్లో ఆ ప్రశ్న వచ్చేది కాదు.

నాలుగు నుంచి ఎనిమిదో తరగతి వరకు, చదవడం వచ్చి అర్థం చేసుకోవడం రాని పిల్లలకు ఈ తరగతి పనికొస్తుంది. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకు కాదు. ఆరువేలు భారమనుకునేవారు సర్కారు బడి పిల్లల పాఠ్యపుస్తకాలు సంపాదించినా చాలు. 2020-21 నుంచి మన రాష్ట్రంలో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో ఉండేలా వాటిని అచ్చువేశారు. తెలుగు పేజీ మూసి ఇంగ్లీషు చదివించి, ఏం అర్థమయిందో చెప్పమని, తరవాత తెరిచి సరిచూసుకోమంటే ఈ కార్డులు చేసే పని చాలావరకు జరుగుతుంది. మేము అక్టోబరు నుంచి మరో మూడు నెలలకు కట్టాము, పెద్ద టీచరుగారు స్వయంగా ఉండే మంగళ, గురువారాలకు మాత్రమే. శనివారం బ్యాచ్ ఖాళీగా ఉందని చెబితే, ఆ రోజు ఎవరు కూర్చుంటారో అడిగి మరీ చేర్పించండి.