వేప బుడిపె గిన్నె: పచ్చిగా ఉన్నప్పుడా, ఆరాకా?

హన్మకొండలో మా షెడ్డుకు వేప బుడిపె (చెట్టు మాను మీద గడ్డలా ఉబ్బిన కర్ర) వచ్చిన ప్రతిసారీ ఇదే టెన్షన్: ఇప్పుడే లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) ఎక్కించాలా, ఆరబెట్టాలా?

పచ్చిది ఉలికి తాటిముంజలా తెగుతుంది, తడి పొట్టు చేతి మీద చల్లగా పడుతుంది. అంచున బెరడు గట్టిగా పట్టుకుని ఉంటుంది. చలికాలంలో కొట్టిన చెట్టయితే ఇంకా నయం. గోడ అంతటా 6 మిల్లీమీటర్లకు దింపితే ఆరేటప్పుడు వంకర పోతుంది గానీ పగిలే భయం తక్కువ. బెరడు అలాగే ఉంచిన సహజమైన అంచుకు ఆ వంకరే అందం! మే ఎండకు మాత్రం వదలొద్దు, న్యూస్‌పేపర్లో చుట్టి నీడన పెట్టాలి.

ఆరినదైతే ఆకారం పెద్దగా మారదు, పాలిష్ వెంటనే వేయొచ్చు. కానీ దుమ్ము విపరీతం, మాస్కు తప్పనిసరి. కర్ర పోగు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటుంది కాబట్టి ఉలికి మాటిమాటికీ సాన పట్టాలి. బెరడు సందుల్లో సూపర్ గ్లూ దించకపోతే ఊడి ఎగురుతుంది. మూత డబ్బాకు ఆరిందే మేలు. బెరడు అంచు గిన్నెకు నేను పచ్చిదే ఎక్కిస్తాను.