బల్ల ఉందా, బాత్రూమ్ ఉందా: పదేళ్లు మాల్స్ వాడాక

మేం పటమటలో ఉంటాం. నేను రిటైరైన టీచర్‌ని. మా వారికి షుగరు, పైగా మోకాళ్ల నొప్పులు. డాక్టరుగారు రోజూ నలభై నిమిషాలు నడిచి తీరాలన్నారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బెజవాడలో ఎక్కడ నడుస్తారో మీరే చెప్పండి. తెల్లవారుజామున వెళ్దామంటే ఈయన లేవరు. సాయంత్రం ఏడైనా బందరు రోడ్డు సెగలు కక్కుతూనే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మరి మనుషుల సంగతి? అలా మొదలైంది మా మాల్ నడక. ఇటు పీవీపీ స్క్వేర్, అటు బెంజి సర్కిల్ వైపు ట్రెండ్‌సెట్, మధ్యలో ఉన్నవి, కొత్తగా లేచినవి, అన్నీ తిరిగేశాం. కొన్నది తక్కువ, నడిచింది ఎక్కువ.

ఈ మధ్యలో మూడుసార్లు, 2016లో, 2019లో, 2023లో, అమ్మాయి దగ్గరికి అమెరికాలో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో వెళ్లి ఆరేసి నెలలు ఉండి వచ్చాం. అక్కడా ఇదే పని. అక్కడ తలుపులు మూసి ఏసీ వేసే పాత తరహా మాల్సూ ఉన్నాయి, వీధిలా కట్టి ఆకాశం కింద వదిలేసిన కొత్త తరహావీ ఉన్నాయి. రెండూ అరిగేదాకా వాడాం కాబట్టి ఇది రాస్తున్నాను. బ్రాండ్లు, ఆఫర్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చూసేది వేరే.

ముందు ఆడవాళ్లకి మాత్రమే తెలిసిన సంగతి ఒకటి. మాల్స్ రాకముందు పెళ్లి బట్టలకని వన్‌టౌన్ వెళ్లి, అక్కడి బట్టల కొట్ల సముదాయం వస్త్రలతలో ఓ పూట తిరగాలంటే పొద్దున కాఫీ తర్వాత మంచినీళ్లు ముట్టేవాళ్లం కాదు. ఎందుకో వేరే చెప్పాలా? మా పెద్దమ్మ అయితే ముందురోజు రాత్రి నుంచే జాగ్రత్త పడేది. కొట్టువాళ్లు కూల్‌డ్రింకు తెప్పిస్తే మొహమాటానికి పట్టుకుని కూర్చుని పక్కనున్న పిల్లలకి ఇచ్చేసేది. మాల్ వచ్చాక మొట్టమొదట మారింది ఇదే. ప్రతి అంతస్తులోనూ బాత్రూమ్, కడగడానికి ఒక మనిషి, అద్దం, సబ్బు. మాల్స్ మన సంస్కృతిని చెడగొట్టాయనే మగవాళ్లు ఒక్క మే నెల మధ్యాహ్నం మంచినీళ్లు తాగకుండా ఆరు గంటలు చీరలు చూసి, అప్పుడు మాట్లాడితే వింటాను.

రెండోది చల్లదనం. ఆటో దిగి, సెక్యూరిటీ అబ్బాయి సంచీ చూసి లోపలికి వదలగానే ఒంటి మీద చెమట ఆరిపోయే ఆ క్షణం ఉంది చూశారూ, దానికే నేను మూడొంతుల మార్కులు వేసేస్తాను. కంకిపాడు, ఉయ్యూరు నుంచి వచ్చిన కుటుంబాలు గుమ్మం లోపల ఓ పక్కగా నిలబడిపోతాయి, కాసేపు అంతే. ఆ తర్వాత ఎస్కలేటర్ దగ్గర అసలు పరీక్ష. ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో మనవరాలి మణికట్టు పట్టుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టాలా వద్దా అని ఆలోచించే పెద్దావిడలని నేను పదేళ్లుగా చూస్తున్నాను. నేనూ అలా నిలబడినదాన్నే.

ఇక ఫిర్యాదు. పేరు చెప్పను, బందరు రోడ్డులోనే ఒక మాల్. మొదటి అంతస్తులో ప్లాస్టిక్ మొక్కల చుట్టూ గుండ్రంగా ఒక చెక్క బల్ల ఉండేది. ఈయన రెండు రౌండ్లు నడిచి అక్కడ కూర్చునేవారు. నేను చూడాల్సినవి చూసి అక్కడికే వచ్చేదాన్ని. దాదాపు నాలుగేళ్లు అదే మా అడ్రసు. ఫోన్ చేసి “ఎక్కడున్నారు” అంటే “బల్ల దగ్గర” అనేవారు, అంతే. ఒకరోజు వెళ్లేసరికి బల్ల లేదు, మొక్కలూ లేవు. ఆ గుండ్రంలో సెల్‌ఫోన్ కవర్లు, స్క్రీన్‌గార్డులు అమ్మే చిన్న కౌంటరు వెలిసింది. ఈయన ఆ కౌంటరు ముందు నిలబడి, అందులో కుర్చీ మీద కూర్చున్న కుర్రాడి వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. పాపం, ఆ కుర్రాడు “రండి బాబాయ్‌గారూ, ఏ మోడలండీ” అన్నాడు.

కోపం వచ్చింది కానీ లెక్క అడిగితే తప్పు పట్టడానికి లేదు. మా మేనల్లుడు ఒకడు ఇంకో మాల్‌లో అలాంటి కౌంటరే రెండేళ్లు నడిపాడు. వాడు చెప్పిందాని ప్రకారం అద్దె ఒకటే కాదు, దాని మీద అడుగుకి ఇంత అని మెయింటెనెన్స్ కూడా కట్టాలి. నడవాల్లో మనం ఊరికే తిరిగే చోట వేసే ఏసీ, లైట్లు, ఎస్కలేటర్ కరెంటు, సెక్యూరిటీ జీతాలు అన్నీ అందులోంచే. “అత్తయ్యా, మీరు ఏసీలో నడిచే ప్రతి అడుగుకీ మాలాంటివాడు ఒకడు డబ్బు కడతాడు” అన్నాడు నవ్వుతూ. ఆ మాట విన్నాక ఓ నెల అక్కడ నడవడానికి మొహం చెల్లలేదు. తర్వాత మళ్లీ మే నెల వచ్చింది, అలవాటైపోయింది.

మన మాల్స్‌కి ఇంకో ఇబ్బంది ఉంది, అమెరికావాళ్లకి లేనిది. అక్కడ ఊరి బయట పొలాల్లాంటి జాగాలో అడ్డంగా పరుస్తారు, ఒకటో రెండో అంతస్తులు. మనకి బందరు రోడ్డు మీద అంత స్థలం ఎవరిస్తారు? అందుకని నిలువుగా లేపుతారు. సెల్లారులో బండి పెట్టి పైకి రావాలి. సినిమాహాళ్లు, తిండి అన్నీ పై అంతస్తుల్లో పెడతారు, పైకి వెళ్లేవాళ్లు మధ్య అంతస్తుల కొట్లు చూసుకుంటూ వెళ్తారని. కానీ సినిమాకి వచ్చినవాళ్లు లిఫ్టెక్కి నేరుగా పైకే పోతారు. కింది అంతస్తు కళకళలాడుతుంది, పైన పాప్‌కార్న్ వాసన, మధ్యలో రెండో అంతస్తులో మాత్రం అట్టలు అంటించిన అద్దాలు, “త్వరలో ప్రారంభం” అనే బోర్డులు. ఆ బోర్డుల్లో కొన్నిటి వయసు మూడేళ్లు. నడిచేవాళ్లకి మాత్రం ఆ అంతస్తే స్వర్గం.

మాల్ పనికిరాని చోటు కూడా చెప్పాలి. జాకెట్టు ముక్క. మొన్న ఆడపడుచు కూతురి నిశ్చితార్థానికి ఒక మంగళగిరి చీర తీశాను, నెమలికంఠం రంగు. దానికి మాల్‌లో మ్యాచింగ్ చూసి తెచ్చుకున్నా. ఇంటికొచ్చి బాల్కనీలో పెట్టి చూస్తే చీర ఒక రంగు, జాకెట్టు ఇంకో రంగు. ఆ లైట్ల కింద అన్నీ అందంగానే ఉంటాయి మరి. మర్నాడు బీసెంట్ రోడ్డుకి వెళ్లాను. మ్యాచింగ్ సెంటర్‌లో అబ్బాయి చీర కొంగు చూశాడు, నన్ను ఏమీ అడగలేదు, నాలుగు తానులు చంకన పెట్టుకుని వీధి గుమ్మంలోకి నడిచాడు. “ఇక్కడ చూడండమ్మా, ఎండలో” అని కొంగు మీద ఒక్కొక్కటే పరిచాడు. మొదటిది నీలం ఎక్కువ, రెండోది వెలసినట్టుంది, మూడోది పెట్టగానే చీరలో కలిసిపోయింది. వాడు తలెత్తి నా మొహం కూడా చూడలేదు, కత్తెర తీసేశాడు. ఆకాశం కింద ఉన్న బజారుకి ఉన్న సుఖం నాకు ఆ రోజు తెలిసింది. ఫాల్, లైనింగ్, హుక్కులు అన్నీ అక్కడే అయిపోయాయి. ఫుట్‌పాత్ మీద హెయిర్ క్లిప్పులు బేరమాడి, అటు ఏలూరు రోడ్డులోకి వెళ్లి మనవడికి పుస్తకం కూడా కొన్నాను. కానీ నిజం చెప్పొద్దూ, రెండు గంటలు నిలబడే ఉన్నాను. బల్ల లేదు. బాత్రూమ్ సంగతి మళ్లీ వన్‌టౌన్ కథే. స్కూటర్ ఒకటి చీర సంచీని రాసుకుంటూ పోయింది. ఈయనని తీసుకెళ్లకపోవడమే మంచిదైంది.

అమెరికా సంగతికొస్తే, అక్కడ ఓపెన్‌గా ఉన్నదే కొత్త ఫ్యాషన్. మూసిన మాల్ పుట్టింది కూడా వాళ్ల దగ్గరే: 1956లో మిన్నెసోటా రాష్ట్రంలో సౌత్‌డేల్ అని కట్టారు. వియన్నా నుంచి వెళ్లిన విక్టర్ గ్రూయెన్ అనే ఆర్కిటెక్ట్ గీశాడు. అక్కడ చలికాలం ముక్కు ఊడిపోతుంది కాబట్టి లోపల ఏడాది పొడుగునా వసంతకాలం పెట్టాడు. మనకి ఎండ, వాళ్లకి మంచు, కష్టం మాత్రం ఒకటే. ఆయనే ముసలితనంలో ఈ మాల్స్‌తో నాకు సంబంధం లేదు పొమ్మన్నాడట. వాటిల్లో నడుస్తున్న నాలాంటివాళ్లని ఆయన అడగలేదు.

ఫ్రిస్కోలో 2000లో తెరిచిన స్టోన్‌బ్రయర్ మాల్‌లో మేం బాగా నడిచాం. నేల చదును, మోకాళ్లకి హాయి. ఎటు చూసినా మనవాళ్లే. తెల్ల స్నీకర్ల మీద పంజాబీ డ్రెస్సులు, మంకీ క్యాప్ పెట్టుకున్న తాతగార్లు, “మీదే ఊరండీ”, “తెనాలి”. బల్లల మీద కూర్చుని అల్లుళ్ల ఉద్యోగాల దగ్గర్నుంచి అమరావతి పొలాల రేట్ల దాకా మాట్లాడుకునేవాళ్లం. ఆ బల్లలు ఎవరూ తీసెయ్యలేదు, 2023 దాకా నాకు తెలుసు.

పక్కనే ప్లానోలో కాలిన్ క్రీక్ అనే మాల్ మాత్రం 1981లో తెరిచి 2019లో మూతపడింది. అక్కడి మాల్స్‌కి రెండు చివర్లా పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు ఉంటాయి. జనం వాటి కోసం వచ్చి మధ్యలో చిన్న కొట్లలో కొంటారు. ఆ పెద్దవాళ్లే దెబ్బతిన్నారు. సియర్స్ 2018లో దివాలా అంది. ప్లానోలోనే హెడ్డాఫీసు ఉన్న జేసీపెన్నీ 2020లో అదే బాట పట్టి, చేతులు మారి బతికింది. గుంజలు కూలితే పందిరి ఏం నిలుస్తుంది?

అలా అని పైకప్పే నేరం చేసిందనుకోకండి. డాలస్‌లో నార్త్‌పార్క్ 1965 నాటిది, అదీ మూసిన మాలే, ఆదివారం వెళ్తే కారు ఆపడానికి అల్లుడుగారు రెండు రౌండ్లు కొట్టారు. ఓపెన్ సెంటర్ కొత్త సంగతన్నది కూడా సగం నిజమే. డాలస్‌ని ఆనుకునే ఉన్న హైలాండ్ పార్క్ అనే ఊళ్లో హైలాండ్ పార్క్ విలేజ్ 1931లో కట్టింది, ఇంకా ఖరీదైన కొట్లతో నడుస్తోంది.

అసలు కొత్తది చూడాలంటే ప్లానోలోనే 2017లో తెరిచిన లెగసీ వెస్ట్. వీధిలా ఉంటుంది. కింద కొట్లు, హోటళ్లు, కొన్నిటి పైన అపార్ట్‌మెంట్లు, చుట్టూ ఆఫీసులు. సాయంత్రం ఆఫీసులు వదిలాక దీపాలు పెడితే దసరాకి మన వీధిలా కళగా ఉంటుంది. కట్టినవాళ్లకీ లాభమే: నడవాలు ఆకాశం కిందే ఉన్నాయి కాబట్టి వాటికి ఏసీ ఖర్చు లేదు. మా మేనల్లుడికి చెప్తే “అదీ తెలివి” అన్నాడు. అమ్మాయీ అల్లుడుగారూ మూసిన మాల్ మొహం చూడరు, వాళ్లకి ఇదే ఇష్టం. కారు దిగి, పని చూసుకుని, తిని వెళ్లిపోతారు. కరోనా తర్వాత మరీను.

మాకు కుదరలేదు. 2023 జులైలో ఒక శనివారం మధ్యాహ్నం వెళ్లాం, 104 డిగ్రీలు, మన లెక్కలో 40. పార్కింగ్ నుంచి ఐస్‌క్రీమ్ కొట్టుకి నడిచేసరికి ఈయన మొహం కందగడ్డ అయింది. బెజవాడ నుంచి పద్నాలుగు వేల పైచిలుకు కిలోమీటర్లు ఎగిరి వచ్చి మళ్లీ బెజవాడ ఎండలోనే నిలబడ్డామా అన్నారు. కూర్చోవాలంటే చల్లటి చోటు హోటల్ లోపలే, అక్కడ కూర్చుంటే ఏదో ఒకటి ఆర్డర్ ఇవ్వాలి. కాఫీ ఆరు డాలర్లు. ఆయన మనసులో ఎనభై రెండుతో గుణించుకుంటూ తాగారు, చక్కెర లేకుండానే చేదెక్కింది. అదే చోటికి నవంబరులో వెళ్తే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అంటే తప్పు వీధిది కాదు, నెలది.

ఈ మధ్య మన వైపు కూడా హైవే పక్కన ఓపెన్ ఫుడ్ కోర్టులు, వరసగా కొట్లు, ముందు కారు పెట్టుకునే జాగా, తీగలకి వేలాడే బల్బులు వస్తున్నాయి. కార్తీకమాసంలో వెళ్లండి, బావుంటాయి. వైశాఖంలో రాత్రి ఎనిమిది దాటాక వెళ్లండి. తొలకరి రోజుల్లో మాత్రం గొడుగు మర్చిపోకండి, ప్లేట్లో సాంబారు ఎంతో వాన నీళ్లూ అంతే అవుతాయి.

కాబట్టి నా లెక్క ఇది. చీరలు, మ్యాచింగ్, పూసలు, ఇత్తడి సామాను: బీసెంట్ రోడ్డు, వన్‌టౌన్, మారు మాట లేదు. పిల్లలకి రెడీమేడ్లు, చెప్పులు, మార్చి నుంచి జూన్ దాకా ఏదైనా సరే: మాల్. స్నేహితులతో తిండి: ఓపెన్, చలికాలంలో. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు: ఏ కాలమైనా మాల్, అది కూడా మంగళ, బుధవారాలు పదకొండు నుంచి ఒంటిగంట లోపు. అప్పుడు ఏసీ బాగుంటుంది, జనం ఉండరు, ఫుడ్ కోర్టులో పాటల మోత ఇంకా మొదలవదు. వెళ్లినప్పుడు ఏదో ఒకటి కొనండి. నేనిప్పుడు ప్రతిసారీ కనీసం రుమాళ్లైనా కొంటున్నాను. ఇంట్లో రుమాళ్లు యాభై దాటాయి.

బల్ల పోయిన ఏడాదిన్నరకి ఈయన ఇంకోటి కనిపెట్టారు. వేరే మాల్, కింది అంతస్తు, లిఫ్టు వెనక. స్టీలుది, ముగ్గురు పడతారు, నెత్తిమీదే ఏసీ. ఎక్కడో మాత్రం అడగొద్దు.