ఇంట్లో ఐసు మెషిన్: మూడు వేసవులు వాడాక

పెట్టె మీద "రోజుకు 12 కిలోలు" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. చల్లటి గదిలో, చల్లటి నీళ్లు పోసి, 24 గంటలూ ఆపకుండా నడిపితే వచ్చే లెక్క అది. కాకినాడలో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని వంటింట్లో, కుళాయి తిప్పితే చెయ్యి కాలే నీళ్లు వచ్చే రోజుల్లో గంటకు 350 గ్రాములు వస్తే అదే ఎక్కువ. ఇది తెలిసి కొంటే తర్వాత తిట్టుకోనక్కర్లేదు. నేను మూడు వేసవులుగా వాడుతున్నాను, ఇక ముందూ వాడతాను. అలాగని అందరినీ కొనమని చెప్పను.

మా ఇంట్లోకి ఇది షర్బత్ కోసం రాలేదు. అమ్మకు మోకాలి మార్పిడి ఆపరేషన్ అయ్యాక, రోజుకు నాలుగైదు సార్లు పావుగంట, ఇరవై నిమిషాలు ఐసు పెట్టమన్నారు ఫిజియోథెరపిస్టు. ఫ్రిజ్‌లో ఉన్నవి రెండు ట్రేలు. ఒక్కో ట్రేలో పట్టేది పావు లీటరు నీళ్లు, గడ్డకట్టడానికి నాలుగైదు గంటలు. పొద్దున ఒకసారి సంచి నింపితే మళ్లీ సాయంత్రానికి గానీ ఐసు ఉండేది కాదు. మధ్యలో కావాలంటే బయట కొనడమే. మాకు దగ్గర్లో దొరికేవి రెండు రకాలు: బేకరీలో కిలో ప్యాకెట్ క్యూబులు, లేదంటే ఊక చల్లి గోనె సంచి కప్పిన దిమ్మ నుంచి కొట్టి ఇచ్చే ముక్కలు. ప్యాకెట్ రూ.40 నుంచి రూ.50. దిమ్మ ముక్కలు కిలో రూ.10కి కాస్త అటూ ఇటూ.

మోకాలికి దిమ్మ ఐసు అయినా పర్వాలేదు, కడుపులోకి పోదు కదా. కానీ ఇంట్లో ఐసు ఉంటే అది సంచి దగ్గరే ఆగదు. పిల్లలు మజ్జిగలో వేసుకుంటారు, చుట్టాలొస్తే నిమ్మకాయ నీళ్లలో పడుతుంది. అక్కడే నాకు టెన్షన్. మాది చేపల రేవున్న ఊరు. ఇక్కడి ఐసు ఫ్యాక్టరీలకు ప్రధాన గిరాకీ చేపలు, రొయ్యలే. పెద్ద తొట్టిలో ఉప్పునీళ్లను అమ్మోనియా యంత్రంతో సున్నాకు చాలా కిందకి చల్లబరిచి, అందులోకి నీళ్లు నింపిన రేకు డబ్బాలు దించుతారు. దిమ్మ గట్టిపడటానికి చాలా గంటలు పడుతుంది. చల్లదనం డబ్బా గోడల నుంచి లోపలికి పాకుతుంది కాబట్టి నీటిలోని గాలీ ఉప్పులూ మధ్యకు నెట్టుకుపోతాయి. దిమ్మ మధ్యలో తెల్లగా మబ్బులా కనిపించేది అదే. చేపకు ఆ తెలుపుతో పనిలేదు. ఆ దిమ్మకు పోసింది బోరు నీళ్లో, కుళాయి నీళ్లో, శుద్ధి చేసినవో సైకిల్ మీద తెచ్చే మనిషిని అడిగితే అతనికీ తెలియదు. గడ్డకట్టినంత మాత్రాన నీటిలోని సూక్ష్మజీవులన్నీ చావవు, బతికినవి ఐసు కరగ్గానే మళ్లీ లేస్తాయి. మహారాష్ట్రలో 2018లో, తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని నియమం పెట్టారు. మా వీధిలోకి వచ్చే దిమ్మలన్నీ ఒకే రంగులో ఉంటాయి.

ఇక మెషిన్ సంగతి. వంటింటి గట్టు మీద పెట్టుకునే రకం, మిక్సీకి రెండింతల వెడల్పు, రూ.12 వేల చిల్లర అయింది. లోపల తొమ్మిది లోహపు కడ్డీలు కిందకి వేలాడుతుంటాయి. చిన్న పంపు నీళ్లను వాటి కింది పళ్లెంలోకి తెస్తుంది, కడ్డీలు నీళ్లలో మునుగుతాయి, వాటి చుట్టూ ఐసు పేరుకుంటుంది. కాసేపటికి పళ్లెం పక్కకు వాలిపోతుంది, కడ్డీల్లోకి వేడి గ్యాసు వెళ్తుంది, ఐసు పట్టు వదిలి బుట్టలో పడుతుంది. కడ్డీ ఉన్నచోట ఖాళీ ఉంటుంది కాబట్టి ప్రతి ముక్కా వేలి తొడుగులా బోలుగా వస్తుంది. పది, పన్నెండు నిమిషాలకు ఒక వాయి. స్విచ్ వేశాక మొదటి ఒకటి రెండు వాయిలు పల్చగా వస్తాయి, వాటిని తీసి పారేస్తాను.

మోకాలికి ఈ బోలు ముక్కలే బాగున్నాయి. ఫ్రీజర్ నుంచి తీసిన క్యూబు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. పొడిగా, గట్టిగా ఉండి చేతికి అతుక్కుంటుంది, సంచిలో మూలలు గుచ్చుతాయి. మెషిన్ ఐసు సున్నా డిగ్రీల దగ్గర, తడిగా ఉంటుంది. సంచి మోకాలి చుట్టూ ఒదిగి కూర్చుంటుంది. గుడ్డ అడ్డం పెట్టాలనుకోండి, అది దేనికైనా తప్పదు. గ్లాసులోకి వచ్చేసరికి ఈ గుణమే లోపం. బోలుగా ఉండటంతో పానీయం చప్పున చల్లబడుతుంది, అంతే చప్పున ముక్కా కరుగుతుంది. సుగంధి షర్బత్ గబగబా తాగేవాళ్లకు బాగుంటుంది. కబుర్లు చెప్పుకుంటూ అరగంట పట్టుకు కూర్చునేవాళ్లకు గ్లాసులో చివరికి మిగిలేది రంగు నీళ్లే.

చాలామందికి కొన్నాక గానీ తెలియని విషయం ఒకటుంది: ఇది ఐసు చేస్తుంది, దాచదు. బుట్టకు చల్లదనం ఉండదు. నిండాక తియ్యకపోతే అడుగు ముక్కలు కరిగి ఆ నీళ్లు మళ్లీ తొట్టిలోకే దిగుతాయి, మెషిన్ వాటితోనే ఇంకో వాయి వేస్తుంది. రాత్రంతా నడిపి పొద్దున చూస్తే బుట్టలో ఉండేది అదే ముప్పావు కిలో, కరెంటు మాత్రం రాత్రంతా కాలి ఉంటుంది. అందుకని బుట్ట నిండగానే జిప్ కవర్లలో వేసి ఫ్రీజర్‌లో పెడతాం. తడి ఐసు కాబట్టి అలాగే పెడితే ఒకే ముద్దగా అతుక్కుంటుంది. మా ఆవిడ కనిపెట్టిన పద్ధతి: ముందు స్టీలు పళ్లెంలో పరిచి అరగంట ఫ్రీజర్‌లో ఉంచి, ముక్కలు పొడిబారాక కవర్లో వేయడం. అప్పుడు విడివిడిగా ఉంటాయి. అంటే ఐసు మెషిన్ ఉన్నా ఫ్రీజర్‌లో చోటు కావాల్సిందే. ఫ్రిజ్ చిన్నదని దీన్ని కొనాలనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతీ ఆలోచించుకోవాలి.

ఖర్చు లెక్క. మా మెషిన్ నడిచేటప్పుడు 120 వాట్లు లాగుతుంది. గంటకు 350 గ్రాముల చొప్పున కిలో ఐసుకు మూడోవంతు యూనిట్ అవుతుంది. ఏసీ నడిచే నెలల్లో మా బిల్లు రూ.8.75 స్లాబులోకి ఎక్కుతుంది, ఆ లెక్కన కిలోకు రూ.3. ప్యాకెట్ క్యూబులతో పోలిస్తే కిలోకు రూ.40 మిగులు, 300 కిలోలు చేస్తే మెషిన్ డబ్బు తిరిగొచ్చినట్టు. దిమ్మ ముక్కలతో పోలిస్తే ఈ జన్మకు రాదు. డబ్బు కోసమే అయితే దీని జోలికి పోనక్కర్లేదు. రూ.150 పెట్టి మూతలున్న ట్రేలు ఇంకో నాలుగు కొనుక్కుంటే, ఎలాగూ 24 గంటలూ నడిచే ఫ్రిజ్ తక్కువ కరెంటుతోనే ఆ ఐసు చేసి పెడుతుంది. నలుగురున్న ఇంటికి మజ్జిగలోకీ నిమ్మరసంలోకీ అది చాలు. మూత లేని ట్రేలు మాత్రం మా ఊళ్లాంటి చోట వద్దు. అదే ఫ్రీజర్‌లో వంజరం ముక్కలుంటే రెండు రోజుల్లో ఐసుకు ఆ వాసన పడుతుంది. మెత్తటి సిలికాన్ ట్రేలైతే ఆ వాసనను తామే పీల్చుకుంటాయి, ఎంత కడిగినా పోదు.

మెషిన్‌కు అసలు శత్రువు నీళ్లు. మా బోరు నీళ్లు ఉప్పన, నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటర్ పెడితే వెయ్యి దాటి చూపిస్తుంది. తాగునీటి ప్రమాణంలో 500 దాకా మంచిదంటారు. ఆర్వో నీళ్లు వంద లోపే ఉంటాయి, మేం అవే పోస్తాం. నీళ్లు గడ్డకట్టేటప్పుడు ఉప్పులు ఐసులోకి పెద్దగా పోవు, పళ్లెంలో మిగిలిన నీళ్లలోనే ఉండిపోతాయి. అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతుంటే చిక్కబడుతూ పోతాయి. కాబట్టి ఆర్వో నీళ్లు పోసినా రోజు చివర తొట్టి ఖాళీ చేయాల్సిందే. లేకపోతే కడ్డీల మీద తెల్ల పొర కడుతుంది, ఐసు పట్టు వదలడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, వాయి వాయికీ ముక్క చిన్నదవుతుంది. ఆ పొర సెన్సర్ మీద చేరితే తొట్టి నిండుగా ఉన్నా "నీళ్లు పోయండి" అని ఎర్రదీపం వెలుగుతుంది. రెండో వేసవిలో మాకు అదే జరిగింది. కంపెనీ కస్టమర్ కేర్ వాళ్లు పది రోజులు "టెక్నీషియన్ వస్తున్నాడండి" అంటూనే ఉన్నారు. చివరికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఓ చెంచా లీటరు గోరువెచ్చటి నీళ్లలో కలిపి, ఐసు పడనివ్వకుండా పంపు ఒక్కటే తిరిగే క్లీనింగ్ బటన్ మీద రెండుసార్లు తిప్పి, మంచినీళ్లతో మూడుసార్లు కడిగితే దీపం ఆరిపోయింది. ఇప్పుడు వేసవిలో పదిహేను రోజులకోసారి ఇదే పని.

దీపాల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. బుట్ట నిండిందో లేదో పసిగట్టేది ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్. మూత మీద నేరుగా ఎండ పడితే అది తికమకపడి, ఖాళీ బుట్టను నిండిందంటుంది. కిటికీ పక్కన పెట్టినవాళ్లు పాడైపోయిందని కంగారు పడకుండా ముందు పరదా వేసి చూడండి. మళ్లీ గాలి మాత్రం తగలాలి. నీళ్ల నుంచి లాగిన వేడంతా పక్క జాలీ నుంచి వంటింట్లోకే వస్తుంది. గోడకు జానెడు ఎడం లేకపోతే ఆ వేడి గాలినే మళ్లీ పీల్చుకుని, ఐసు తగ్గిపోతుంది. పొయ్యి పక్కన అసలు పెట్టకూడదు. మేం వెనక వసారాలో స్టూలు వేసి పెట్టాం. చప్పుడు కూడా గదిలోకి రాదు. కంప్రెసర్ మోత పెద్దదేం కాదు గానీ, ఇంట్లోనే పెట్టుకుని మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పది నిమిషాలకోసారి ఐసు బుట్టలో పడే శబ్దం చికాకే.

కరెంటు పోయి వస్తే దానంతటది మొదలవదు, బటన్ నొక్కాలి. అది కూడా వెంటనే కాదు. కంప్రెసర్‌లో ఒత్తిడి సమం కావడానికి నాలుగైదు నిమిషాలు ఆగాలి. వచ్చీ పోయీ కరెంటున్న రోజుల్లో నేను దాని జోలికే పోను.

రిపేరు గురించి మా వీధి చివర ఫ్రిజ్ మెకానిక్‌ని ముందే అడిగి పెట్టుకున్నాను. వెనక స్టిక్కర్ చదివి, "ఇది ఆర్600ఏ గ్యాసండి బాబు, మంటంటుకునే రకం. పంపూ మోటారూ ఏదైనా చూస్తాను గానీ గ్యాసు పని మాత్రం దానికి తగ్గ సామాను ఉన్నవాళ్లే చెయ్యాలండి" అన్నాడు. ఇప్పటిదాకా ఆ అవసరం పడలేదు. సముద్రపు గాలికి జాలీ స్క్రూలు తుప్పు పట్టాయి, అంతే.

అద్దంలాంటి ఐసు కావాలంటే ఈ మెషిన్ ఇవ్వదు. నీళ్లు రెండుసార్లు మరిగిస్తే వస్తుందని చాలామంది చెబుతారు. చేసి చూశాను, తేడా కొంచెమే. నిజంగా పనిచేసేది చల్లదనాన్ని ఒక్క వైపు నుంచే రానివ్వడం. చిన్న థర్మాకోల్ పెట్టెలో, కొత్తది సుమా, రొయ్యలు తెచ్చింది కాదు, సరిపడే ప్లాస్టిక్ డబ్బా కూర్చోబెట్టి, నీళ్లు పోసి, మూత లేకుండా ఫ్రీజర్‌లో పెట్టాలి. పక్కలా అడుగూ మూసుకుని ఉంటాయి కాబట్టి పైనుంచి కిందకి గడ్డకడుతూ, గాలినీ ఉప్పులనూ కిందకి నెడుతుంది. ఒక రోజయ్యాక, అడుగు గట్టిపడకముందే బయటికి తీసి, కింది మబ్బు నీళ్లు పారబోస్తే పైన మిగిలేది తేటగా ఉంటుంది. రంపపు పళ్ల కత్తితో గీత గీసి తడితే ముక్కలవుతుంది. ఫ్రీజర్ సగం ఇదే ఆక్రమిస్తుంది కాబట్టి మా ఇంట్లో పండక్కే అనుమతి.

పెళ్లికో, గృహప్రవేశానికో వంద మందికి మజ్జిగ చల్లబరచాలంటే ఇంటి ఐసుతో అయ్యే పని కాదు. అప్పుడు నేనూ దిమ్మలే తెప్పిస్తాను, కాకపోతే వాటిని మజ్జిగలో వెయ్యనివ్వను. పెద్ద గంగాళంలో దిమ్మ ముక్కలూ రాళ్ల ఉప్పూ వేసి, అందులో మజ్జిగ బిందెలు దించుతాం. ఉప్పు పడ్డాక ఐసు సున్నాకంటే కిందికి చల్లబడుతుంది కాబట్టి బిందె త్వరగా చల్లారుతుంది. గ్లాసుల్లోకి వేసే ముక్కలు మాత్రం ముందు వారం రోజులు మెషిన్‌లో చేసి కవర్లలో దాచినవి.

అమ్మ మోకాలు బాగుపడి చాలాకాలమైంది. ఇప్పుడు మెషిన్ మార్చిలో బయటికి వచ్చి, వానలు పడగానే లోపలికి వెళ్తుంది. లోపల పెట్టేముందు అడుగు బిరడా తీసి నీళ్లన్నీ వంచి, మూత తెరిచి రెండు రోజులు ఆరబెడతాం. తడితో మూసేస్తే మళ్లీ తీసేసరికి బూజు వాసన. కొనేటప్పుడు కూడా ఆ బిరడా చేతికి అందేలా ఉందో లేదో, క్లీనింగ్‌కు విడిగా బటన్ ఉందో లేదో చూడండి. దుకాణంలో వీటి గురించి ఎవరూ చెప్పరు, కిలోల అంకె, రంగులే చూపిస్తారు. ఈ రెండూ లేని మోడల్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు, ఆ డబ్బుతో మూత ట్రేలు కొనుక్కోండి.