రుషికొండలో మూడు రోజుల డ్రిఫ్ట్ డైవింగ్ శిక్షణ: బాగున్నవీ, మార్చుకోవలసినవీ

రుషికొండ బీచ్ దగ్గరున్న ఒక స్కూబా శిక్షణ కేంద్రం గత ఫిబ్రవరిలో నిర్వహించిన మూడు రోజుల డ్రిఫ్ట్ డైవింగ్ శిక్షణకు నేను వెళ్లాను. ఒక రోజు ఈతకొలనులో, రెండు రోజులు సముద్రంలో సాగిన ఈ శిక్షణకు 14,000 రూపాయలు తీసుకున్నారు. నేను గమనించిన లోపాలను కూడా రాస్తున్నాను కాబట్టి, వాటిని నిర్వాహకులకు ముఖాముఖి చెప్పేశాను కాబట్టి, కేంద్రం పేరు ఇక్కడ ప్రస్తావించడం లేదు. ఏ కేంద్రంలో చేరాలనుకునేవారికైనా ఏమేమి అడిగి తెలుసుకోవాలో ఈ వివరాల వల్ల అర్థమవుతుంది.

డ్రిఫ్ట్ డైవింగ్‌లో ఏటికి ఎదురీదడం ఉండదు. ప్రవాహం ఎటు తీసుకువెళ్తే అటు సాగుతూ, దిగిన చోట కాక ఎక్కడో దూరాన పైకి తేలితే, పడవే మన దగ్గరికి వస్తుంది. వినడానికి సులువుగానే ఉంటుంది గానీ, ఒక నాట్ (గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) వేగమంటే నిమిషానికి దాదాపు 30 మీటర్లు కొట్టుకుపోవడం. ఆ వేగంలో ఒక పట్టీ సరిచేసుకోవడానికి తల దించితే, తల ఎత్తేసరికి ఎదురుగా ఏముంటుందో చెప్పలేము. రెండేళ్ల క్రితం అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ దగ్గర నాకు జరిగింది ఇదే. మార్కర్ బోయ్‌ను, అంటే మనం ఎక్కడున్నామో పడవకు తెలిసేలా గాలి ఊది పైకి వదిలే సంచిని, జేబులోంచి తీసి చుట్ట విప్పుకునే హడావిడిలో నేను కిందికి జారుతున్న సంగతి గమనించలేదు. మోకాలికి ఏదో తగిలి చూసుకునేసరికి కొమ్మల పగడం ఒకటి విరిగి ఇసుకలో పడి ఉంది. నా చూపుడువేలంత ముక్క, చివర లేత నీలం రంగులో ఉంది. పగడాలు మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అంటే చట్టం దృష్టిలో వాటికి పులితో సమానమైన రక్షణ ఉంది. ఆ రోజు నన్ను ఎవరూ ఏమీ అనలేదు కానీ, పరికరాల మీద పట్టు లేకుండా అలాంటి చోట మళ్లీ దిగకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

విశాఖ తీరంలో జాతీయ పార్కుగా ప్రకటించిన పగడపు దిబ్బ ఏదీ లేదు. ఇక్కడ ఉన్నవి ఎక్కువగా నీటి అడుగున రాతిగుట్టలు, వాటికి అతుక్కున్న స్పంజికలు, అక్కడక్కడా చిన్న పగడాలు, వాటి మధ్య విశాలమైన ఇసుక మైదానాలు. చేతులకు పని నేర్పడానికి ఇసుక కంటే మంచి చోటు లేదు, ఎందుకంటే అక్కడ పొరపాటున కింద పడినా విరిగేది ఏదీ ఉండదు. ఈ శిక్షణ మొత్తం ఆ ఆలోచన మీదే నడిచింది, నాకు బాగా నచ్చినదీ అదే.

మొదటి రోజు కొలనులో సగం పూట, నీటిలో తేలిపోకుండా కట్టుకునే బరువులు సరిచూసుకోవడానికే పోయింది. కొందరు విసుక్కున్నారు గానీ, నా ఉద్దేశంలో డబ్బుకు తగిన ఫలితం దక్కింది అక్కడే. మనం వాడే మామూలు అల్యూమినియం సిలిండర్‌లో నిండుగా ఉన్నప్పుడు రెండున్నర కిలోలకు పైగా గాలి ఉంటుంది. డైవ్ చివరికి సిలిండర్ పీడనం 50 బార్‌కు వచ్చేసరికి అందులో రెండు కిలోల దాకా తగ్గిపోతుంది. మొదట్లో సరిగ్గా అనిపించిన బరువు, చివర్లో అయిదు మీటర్ల దగ్గర భద్రత కోసం మూడు నిమిషాలు ఆగవలసిన సమయానికి చాలక మనల్ని పైకి తేల్చేస్తుంది. ఆ భయంతో మొదటే రెండు కిలోలు అదనంగా కట్టుకునేవాడు డైవ్ అంతటా జాకెట్‌లోకి గాలి నింపుతూ, వదులుతూ, కాళ్లు కిందికి వేలాడదీసి దిబ్బను తన్నుకుంటూ పోతాడు. అందుకే మా శిక్షకుడు దాదాపు ఖాళీ అయిన సిలిండర్‌తో బరువులు సరిచూసుకోమన్నారు. ఇన్నాళ్లూ ఆరు కిలోలు కట్టుకున్న నాకు నాలుగు కిలోలే సరిపోయాయి. ఆ తర్వాత వేలాడే ప్రెషర్ గేజ్‌నూ, గాలి పీల్చుకునే అదనపు రెగ్యులేటర్‌నూ ఛాతీకి దగ్గరగా క్లిప్పులతో బిగించాము. వేలాడే గొట్టం దిబ్బ మీద ఈడ్చుకుపోతుంటే మనకు తెలియదు, వెనక వస్తున్నవారికి మాత్రం కనిపిస్తుంది.

మార్కర్ బోయ్ వదలడం రెండవ రోజు ఇసుక మీద, పది మీటర్ల లోతులో నేర్పారు. పది మీటర్ల దగ్గర పీడనం ఉపరితలంలో ఉన్నదానికి రెట్టింపు కాబట్టి, అక్కడ సగం నింపిన బోయ్ పైకి చేరేసరికి తనంతట తానే నిండిపోతుంది. అయినా చాలామంది నిండా ఊదేస్తారు. నేనూ మొదటిసారి అలాగే ఊదాను. బోయ్‌కు కట్టిన దారం చుట్టి ఉండే స్పూల్ (కండె) నుంచి వచ్చే దారం చూపుడువేలికి ఒక చుట్టు చుట్టుకుని ఉన్న సంగతి బోయ్ ఎగిరేదాకా తెలియలేదు. అది చేతిని ఒక్కసారిగా పైకి లాగేసింది, దానితోపాటు నేనూ ఒక మీటరు లేచాను. శిక్షకుడు నా కాలి ఫిన్ పట్టుకుని ఆపి, తన స్పూల్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వదులుగా పట్టుకుని, అది గిరగిరా తిరుగుతూ దారం విడిచిపెట్టడం ముఖం దగ్గరగా చూపించారు. దారం ఏ వేలికీ తగలకూడదు, స్పూల్‌ను జాకెట్‌కు ఎప్పుడూ క్లిప్ చేయకూడదు, ఇరుక్కుంటే వదిలేయాలి. ఆ రోజు మధ్యాహ్నానికి పదకొండుసార్లు చేశాను. ఎనిమిదోసారి నుంచి లోతు అర మీటరు కూడా మారలేదని నా డైవ్ కంప్యూటర్‌లో చూసుకున్నాను.

రీఫ్ హుక్ విషయంలో వారి వైఖరి నాకు సమంజసంగా అనిపించింది. బలమైన ప్రవాహంలో ఒకచోట ఆగడానికి డైవర్లు రాతికి తగిలించుకునే ఈ కొక్కేన్ని బల్ల మీద పెట్టి, ప్రాణం లేని రాతికి మాత్రమే ఎలా తగిలించాలో, బిగుతుగా ఉన్న దారాన్ని ఎలా విడిపించుకోవాలో వివరించారు కానీ, నీటిలోకి మాత్రం ఇవ్వలేదు. బతికున్న పగడానికీ చచ్చిన రాతికీ తేడాను ప్రవాహంలో పోతూ కన్ను మూసి తెరిచేలోగా గుర్తించగలిగిన తర్వాతే దాన్ని చేతికి తీసుకోవాలని శిక్షకుడు అన్నారు. చేతి తొడుగులు కూడా వద్దన్నారు, ఎందుకంటే తొడుగు ఉన్న చేయి దేన్నయినా ధైర్యంగా పట్టుకుంటుంది.

ఇక లోపాల సంగతి. ముందుగా అద్దె సామగ్రి. నాకిచ్చిన రీల్ దారానికి మూడు చోట్ల ముడులు ఉన్నాయి, ఒక చోట పోగులు లేచి ఉన్నాయి. అలాంటి దారం సగంలో ఇరుక్కుంటే బోయ్‌తోపాటు మనిషి పైకి పోతాడు. మార్చమని అడిగితే వెంటనే మార్చారు గానీ, అడగని విద్యార్థి సంగతేమిటి? ఇద్దరికి ఇచ్చిన బోయ్‌లలో గాలి ఊదే కవాటం ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. వాడిన ప్రతిసారీ మంచినీటితో కడగవలసిన వస్తువు అది. ఒక్క శిక్షకుడికి ఎనిమిది మందిని అప్పగించడం కూడా ఎక్కువే. ఆరేడు మీటర్లకు మించి కనిపించని నీటిలో చివరి ఇద్దరు ఆయనకు కనిపించరు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది లంగరు. డ్రిఫ్ట్ డైవింగ్‌లో పడవ లంగరు వేయనక్కరలేదు, ఇంజిన్ నడుస్తూ బోయ్ వెంట వస్తే చాలు. రెండవ రోజు ఉదయం మాత్రం అందరూ తీరుబడిగా తయారవుతారని, రాతిగుట్ట పక్కనే లంగరు వేశారు. నేను దిగేటప్పుడు చూశాను. లంగరు గొలుసు రాతి మీద ఒరుసుకుంటూ, దానికి అంటుకున్న స్పంజికను అరచేతి వెడల్పున చెక్కేసింది. ముందురోజంతా మోకాలు తగలకూడదని, గొట్టం వేలాడకూడదని నేర్పిన చోటే ఇలా జరగడం నాకు మింగుడు పడలేదు. పైకి వచ్చాక ఈ మాట చెబితే, ఎప్పుడూ ఆనవాలు పట్టి అక్కడే వేస్తామని ఒకరు సమర్థించుకోబోయారు. పడవ నడిపే సరంగు మాత్రం శ్రద్ధగా విన్నారు. జాలరి కుటుంబంలో పుట్టి పెరిగిన పెద్దాయన ఆయన. "రాళ్లల్లో వేస్తే లంగరూ పోతుంది బాబూ, తాడూ పోతుంది. ఇసుక ఎక్కడుందో నాకు తెలుసు, వీళ్లు అడగరు" అన్నారు.

మూడవ రోజు లంగరు వేయలేదు. ఫిబ్రవరిలో మన తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి మళ్లుతుంది కాబట్టి, సరంగు మమ్మల్ని గుట్టకు దక్షిణంగా దించి ఇంజిన్ ఆపకుండా వెంట వచ్చారు. ఇద్దరిద్దరుగా ఇసుక అంచు వెంబడి, గుట్టను రెండు మీటర్ల ఎడంలో ఉంచుకుని ఇరవై ఎనిమిది నిమిషాలు సాగాము. నా బోయ్ ఒక్క ప్రయత్నంలోనే నిలువుగా పైకి వెళ్లింది.

స్కూబాలో మొదటి స్థాయి అయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉండి, కనీసం ఇరవై డైవ్‌లు చేసినవారికి, ముఖ్యంగా అండమాన్‌కో లక్షద్వీప్‌కో వెళ్లే ముందు, ఈ శిక్షణను నేను సిఫారసు చేస్తాను. కొత్తగా నేర్చుకుంటున్నవారు మాత్రం ఆగడం మంచిది. వెళ్లేవారు సొంత బోయ్, సొంత స్పూల్ తీసుకువెళ్లండి, బృందంలో ఎందరుంటారో ముందే అడగండి, లంగరు ఎక్కడ వేస్తారని కూడా తప్పకుండా అడగండి. దారాలు మారుస్తామని, రాళ్ల దగ్గర లంగరు వేయబోమని నిర్వాహకులు నాకు మాట ఇచ్చారు. వచ్చే జనవరిలో మా తమ్ముణ్ణి అదే శిక్షణకు పంపుతున్నాను. పడవ ఎక్కగానే మొదట సరంగుతో మాట్లాడమని వాడికి చెప్పాను.